జానయ్య చూడని బావి

జానయ్య సంతకం చూడముచ్చటగా ఉంటుంది. పేరు మొత్తం రాసి, కింద ఒక గీత గీసి, ఆ గీత కింద రెండు చుక్కలు పెడతాడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి అంత తీరైన చేవ్రాలు ఎలా వచ్చిందయ్యా అంటే, సాధన. ఇరవై మూడేళ్ల సాధన. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక సందులో పోలీస్ స్టేషన్ ఉంది. దాని ప్రహరీకి ఆనుకుని జానయ్య జిరాక్స్ దుకాణం. స్టేషన్‌లో ఎవరు పంచనామా రాసినా కింద సాక్షి సంతకం ఆయనదే.

పంచనామా అంటే తెలియని అదృష్టవంతులకు చెబుతాను. నేరం జరిగిన చోటికి పోలీసులు వెళ్లి, అక్కడ ఏముందో, ఏం దొరికిందో ఇద్దరు మనుషుల్ని పక్కన నిలబెట్టుకుని రాయాలి. ఆ ఇద్దరూ కళ్లారా చూసి సంతకం పెట్టాలి. చట్టం అలా అంటుంది. కానీ దారిన పోయేవాణ్ణి పిలిస్తే ఎవడొస్తాడు? పనీపాటా మానుకుని కోర్టుల చుట్టూ తిరగడం ఎవడికి సరదా? అందుకని కానిస్టేబుల్ దశరథ కాగితాలు పట్టుకుని గోడ ఇవతలికి వస్తాడు. "జానన్నా, ఒక సంతకం," అంటాడు. జానయ్య మిషన్ ఆపకుండానే, ఎడమచేత్తో కాపీలు అందుకుంటూ కుడిచేత్తో పెట్టేస్తాడు. ఆ కాగితంలో ఏముందో కోర్టుకు పోయే ముందురోజు చదువుకుంటాడు. బోనెక్కి తడుముకోకుండా అప్పజెబుతాడు.

మొదటి సంతకం మాత్రం నిజమైనదే. ఎనభై ఎనిమిదిలో నల్లగొండ జిల్లా నుంచి పెళ్లాం ముత్తమ్మతో కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒకడు ముసలావిడ మెడలో గొలుసు తెంచుకుని పరిగెత్తుతుంటే జానయ్య వెంటబడి పట్టుకున్నాడు. స్టేషన్‌లో అందరూ మెచ్చుకున్నారు. గోడ పక్కన చిన్న డబ్బా కొట్టు వేసుకుని బతకమన్నారు. ఆ మంచిపనే ఆయన కొంప ముంచింది. ఆ దుకాణానికి కాగితం అంటూ ఏదీ లేదు. స్టేషన్ వాళ్లు వద్దనుకుంటే ఒక్క పూటలో లేచిపోతుంది. ఎవరూ ఎన్నడూ ఆ మాట అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఇలా సాగిపోతున్న కాపురంలోకి అండాలమ్మ వచ్చింది.

అండాలమ్మది నకిరేకల్ దగ్గర పల్లె. కొడుకు అభిలాష్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి కోచింగ్ తీసుకునేవాడు. రెండువేల పది మొదట్లో, తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉన్నప్పుడు, మెయిన్ రోడ్డు మీద ఒక బస్సు తగలబడింది. ఆ సాయంత్రం దొరికినవాళ్లలో అభిలాష్ ఉన్నాడు. బెయిలు మీద బయటికి వచ్చాడు గానీ కేసు మెడకు చుట్టుకుంది. శిక్షపడితే ఏడేళ్ల దాకా జైలు. పడకపోయినా, కేసు తేలేదాకా ఏ ఉద్యోగమూ రాదు. అండాలమ్మ పల్లె విడిచి కొడుకు దగ్గరికి వచ్చేసి, జానయ్య దుకాణానికి ఎదురుగా ఉన్న కర్రీ పాయింట్‌లో అంట్లు తోమే పనికి కుదిరింది. వకీలు అడిగినప్పుడల్లా కేసు కాగితాలు కొంగులో చుట్టుకుని జిరాక్స్‌కి వస్తుంది.

"అన్నా, నాకు సదువు రాదు. గిందుల ఏమున్నదో జర సదివి చెప్పవా?" అని అడిగింది ఒకరోజు.

జానయ్య పేజీ తిప్పాడు. నిందితుడు చూపించగా బస్‌స్టాప్ వెనక గోడ పక్కన పెట్రోలు సీసా దొరికినట్టు రాసి ఉంది. కింద గీత, గీత కింద రెండు చుక్కలు. ఆ రోజు సాయంత్రం తను ఈ దుకాణంలోనే కూచుని పిల్లల హాల్‌టికెట్లు కాపీలు తీస్తున్నాడు. బస్సు కాలిన పొగ ఇక్కణ్ణుంచే చూశాడు. అంతే చూశాడు.

"సీసా దొరికిందని రాసిన్రు," అన్నాడు.

"ఎవరు చూసిన్రట?"

"ఎవరో ఇద్దరు సాక్షులు."

"గా పాపాత్ములు ఎవరో ఒక్కపారి కనవడితే బాగుండు. తిట్టను అన్నా. ఎందుకు రాసినవని అడుగుత, గంతే."

దుకాణం బోర్డు మీద వెంకటేశ్వరస్వామి పేరుంది. అందరూ ఆయన్ని అన్నా అనే పిలుస్తారు. కాబట్టి ఆమెకు తెలిసే వీల్లేదు. జానయ్య గాజుపలక మీద ఆ పేజీ బోర్లా పెట్టి మూత వేశాడు. పచ్చ వెలుతురు అటు నుంచి ఇటు పోయింది.

మరుసటేడు సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు కదల్లేదు, బడులు తెరవలేదు, వకీళ్లు కోర్టుల్ని బహిష్కరించారు. జానయ్య కూడా దుకాణం మీద జై తెలంగాణ అని కాగితం అంటించుకుని ధర్నాలో కూచున్నాడు. నిజానికి ఆయన సంబరమంతా కోర్టులు నడవనందుకే. ఆ నలభై రెండు రోజులూ హాయిగా నిద్రపోయాడు. సమ్మె ముగిసిన పది రోజులకు సమన్లు వచ్చాయి. నవంబరు పద్నాలుగు, సోమవారం, ఎల్‌బీ నగర్ కోర్టులో అభిలాష్ కేసులో సాక్ష్యం చెప్పాలి.

దశరథ వచ్చి పక్కన కూచున్నాడు. "జానన్నా, నాకు గూడ తెలంగాణ కావాలె. మా తమ్ముడు గూడ రోడ్డు మీదున్నడు. కని కాయిదం కాయిదమే. పిలగాని వకీలు గట్టోడు. గోడ ఎంత ఎత్తు, సీసా ఏ దిక్కున్నది అని గుచ్చి గుచ్చి అడుగుతడు. జర చూస్కో."

ఇదీ జానయ్య ఇరుక్కున్న సందు. కాగితంలో ఉన్నట్టు చెబితే ఎదురుగా పనిచేసే అండాలమ్మ కొడుకు జైలుకు పోతాడు. చూడలేదని చెబితే దుకాణం పోతుంది, ఇన్నాళ్లూ కోర్టులో అబద్ధం ఆడినందుకు తన మీదే కేసు పడుతుంది. ఎటు జరిగినా గోడే. ముత్తమ్మతో చెప్పుకుంటే, ఆమె గంటె పక్కన పెట్టి, "గన్నేండ్లు పెట్టినప్పుడు నన్నడిగినవా, గిప్పుడడుగుతున్నవ్," అంది. అదీ నిజమే.

సరిగ్గా అప్పుడే సాంబమూర్తి గారు దిగబడ్డారు.

సాంబమూర్తి గారిది తెనాలి. ఉద్యోగరీత్యా వచ్చి చైతన్యపురిలో ఇల్లు కట్టుకున్న మనిషి. కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. సాక్షుల చేత దేవుని ఎదుట ప్రమాణం చేయించడం ఆయన పని. జానయ్య చేత ఎన్నిసార్లు చేయించారో ఆ దేవుడికే తెలియాలి. ఉత్తినే కూచోలేని స్వభావం కాబట్టి, సమ్మె రోజుల్లో ఆయనో వ్యాపకం మొదలుపెట్టారు. ఆదివారం పొద్దున్నే పదిమందిని పోగేసి, మూసారాంబాగ్ నుంచి పాత సరూర్‌నగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిపిస్తూ, ఒకప్పుడు ఎక్కడెక్కడ ఏయే నేరాలు జరిగాయో కథలుగా చెప్పడం. దానికి నేరాల నడక అని పేరు. చార్మినార్ గోల్కొండల చరిత్ర అందరూ చెబుతారు, మన పేటల చరిత్ర ఎవరు చెబుతారండీ అనేది ఆయన వాదన.

"జానయ్య గారూ, నేను చెప్పే ప్రతి కేసులోనూ సాక్షి మీరే. మీరే స్వయంగా నడుస్తూ చూపిస్తే ఆ రుచే వేరు. కాదనకండి," అన్నారు.

కాదనేవాడే. కానీ దశరథ అన్న మాట బుర్రలో తిరుగుతోంది. గోడ ఎంత ఎత్తు? సీసా ఏ దిక్కు? నడక చివర ఆ బస్‌స్టాప్ కూడా ఉందని విని ఒప్పుకున్నాడు. అబద్ధం చక్కగా చెప్పడానికి ముందుగా చోటు చూసుకోవాలి కదా. అలా ఇరవై మూడేళ్ల తర్వాత, తను కళ్లారా చూసిన చోట్లను మొదటిసారి చూడటానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు.

పన్నెండు మంది వచ్చారు. చాలామంది రిటైరైనవాళ్లు, మఫ్లర్లు, మంచినీళ్ల సీసాలు. మొదటి చోటు మూసారాంబాగ్‌లో గడియారాల దుకాణం. వెంటిలేటర్ ఊడబెరికి దొంగలు దూరారని సాంబమూర్తి గారు చెబుతుంటే జానయ్య అందరితో పాటు తలెత్తి చూశాడు. ఇక్కడ వెంటిలేటర్ ఉందా, అనుకున్నాడు. ఎవరో ఆయనతో ఫోటో దిగారు. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే అనిపించింది.

తర్వాత పాత సరూర్‌నగర్. చెరువుకు దిగువన, ఒకప్పుడు కట్టె కోత మిల్లు ఉన్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. సాంబమూర్తి గారు అందర్నీ దాని వెనక్కి తీసుకువెళ్లారు.

"తొంభై ఏడులో మిల్లు యజమానిని ఎవరో గొడ్డలితో నరికి చంపారు. కాపలాదారు జంగయ్య మీద అనుమానం. చూసినవాళ్లు లేరు. జంగయ్యే పోలీసుల్ని ఇక్కడికి తెచ్చి, మిల్లు వెనక బావిలోంచి గొడ్డలి తీయించాడు. కేసు నిలబడింది ఆ గొడ్డలి మీదే. అది తీస్తుండగా చూసింది మన జానయ్య గారు."

అందరూ బావి కోసం చూశారు. అపార్ట్‌మెంటు వెనక ఉన్నది ఒకటే బండ. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకున్న నల్లరాతి బండ. దాన్ని పగలగొట్టలేకే బిల్డరు వెనక అంత స్థలం వదిలేశాడు. దాని మీద ఎవరో వడియాలు ఎండబెట్టుకున్నారు.

సూర్యప్రభ గారని, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన టీచరు, చెప్పు కాలితో బండను తట్టి చూసింది. "దీని మీద బావి ఎలా తవ్వారండీ?" అని అడిగింది. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు, తెలుసుకుందామనే అడిగింది.

పన్నెండు మొహాలు జానయ్య వైపు తిరిగాయి.

"పూడ్చిన్రు మేడం," అన్నాడు జానయ్య. "గా మూలకుండె. తర్వాత పూడ్చిన్రు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక ఆయన చుట్టూ చూశాడు. దశరథ లేడు, ఎస్సై లేడు, దుకాణం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆదివారం పొద్దున పూట, ఊరికే సరదాగా అడిగితే కూడా అబద్ధమే వచ్చింది. ఎవరో బలవంతం చేస్తే చేశానని ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకున్న మాట ఆ బండ మీదే పగిలిపోయింది.

"జంగయ్యకు యావజ్జీవం పడింది," సాంబమూర్తి గారు కథ ముగిస్తున్నారు. "శిక్ష పడ్డ పదో ఏట జైల్లోనే పోయాడు. పై కోర్టుకు పెట్టుకున్న అర్జీలన్నిట్లో ఒకటే మాట. అక్కడ బావి లేదు సారూ, అని. నా చేతుల మీదుగానే వెళ్లాయి అవన్నీ."

జనం ముందుకు కదిలారు. జానయ్య మాత్రం సాంబమూర్తి గారి మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"సార్, నేను ఈడికి రావుడు ఇదే మొదలు."

సాంబమూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "తెలుసండీ జానయ్య గారూ. నెలకు రెండు కేసుల్లో ఒకే మనిషి సాక్షి అయితే తెలియకుండా ఉంటుందా? నాకు తెలుసు, సర్కారు తరఫున వాదించే పీపీలకు తెలుసు, పైన కూచున్నవారికీ తెలుసు. మీరు బాగా చెప్పేవారు. పని తొందరగా అయ్యేది."

ఆ మాటకు జానయ్యకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. తను మోసం చేస్తున్నానని భయపడుతూ బతికాడు ఇన్నేళ్లూ. తీరా చూస్తే మోసపోయినవాడు ఒక్కడూ లేడు. జంగయ్య ఒక్కడైనా ఉన్నాడనుకుంటే, పాపం అతనూ మోసపోలేదు. బావి లేదని అతనికి మొదటి నుంచీ తెలుసు.

ఆఖరి చోటు బస్‌స్టాప్. కేసు ఇంకా విచారణలో ఉంది కాబట్టి మాట్లాడకూడదని సాంబమూర్తి గారు నియమం పాటించారు. జానయ్య మాత్రం వెనక్కి వెళ్లి చూశాడు. అక్కడ గోడ లేదు. ఇనప కడ్డీల ఫెన్సింగు, దానికి కట్టిన కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. ఏనాటివో తుప్పుపట్టిన కడ్డీలు.

నడక అయ్యాక అందరూ టీ తాగడానికి కూచున్నది అండాలమ్మ పనిచేసే కర్రీ పాయింట్ ముందే. సాంబమూర్తి గారు లేచి నిలబడి, "ఈ రోజు మనతో నడిచిన సాక్షి జానయ్య గారికి ధన్యవాదాలు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. గ్లాసుల పళ్లెం పట్టుకుని వస్తున్న అండాలమ్మ ఆగింది. వకీలు ఆ పేరు ఆమెకు చెప్పే ఉంటాడు. వరసగా అందరికీ టీ ఇచ్చి, చివరి గ్లాసు జానయ్య ముందు పెట్టింది.

"నువ్వానే అన్నా," అంది.

ఎందుకు రాసినవని అడగలేదు. పళ్లెం చంకన పెట్టుకుని లోపలికి పోయింది. లోపల నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది. అడిగి ఉంటే బాగుండేదని జానయ్య ఆ వారమంతా అనుకున్నాడు.

పద్నాలుగో తారీఖు సోమవారం ఎల్‌బీ నగర్ కోర్టులో ప్రమాణం చేశాడు. పీపీ గారు పంచనామా చూపించి ఇది మీ సంతకమేనా అన్నారు.

"నాదే సార్. కని నేను ఆడికి పోలే. సీసా చూడలే. దుకాణంల కూసొని పెట్టిన."

కోర్టులో ఎవరూ ఉలిక్కిపడలేదు. పీపీ గారు విసుగ్గా, సాక్షి ఎదురు తిరిగాడని ప్రకటించమని కోరి, ప్రశ్నలు మొదలుపెట్టారు.

"పోలీసులకు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"గప్పటిదే అబద్ధం. గదొక్కటే కాదు సార్, అన్నీ. సరూర్‌నగర్ల జంగయ్య అని ఒకాయన ఉండె. ఆడ బావి లేదు సార్. బండ ఉన్నది. కావాల్నంటే పోయి చూడున్రి."

జడ్జిగారు చెయ్యెత్తారు. "ఈ కేసు సంగతే చెప్పండి," అన్నారు జానయ్యతో. "అది రాయకండి," అని టైపిస్టుకు చెప్పారు. టైపిస్టు వేళ్లు ఆగాయి.

"ఉద్యమకారులకు భయపడి, నిందితుణ్ణి కాపాడటానికి అబద్ధపు సాక్ష్యం చెబుతున్నారు, అవునా?" అన్నారు పీపీ.

"కాదు సార్."

టైపిస్టు వేళ్లు మళ్లీ కదిలాయి. భయపడి అబద్ధం చెబుతున్నానన్నది నిజం కాదు, అని కాగితంలో పడింది. ఎదురు తిరిగిన సాక్షి మాట కాబట్టి దాన్ని అబద్ధంగానే చదువుకుంటారని జానయ్యకు తెలుసు. ఇన్నేళ్లు ఆడిన అబద్ధాలన్నీ నిజాలుగా ఫైళ్లలో భద్రంగా ఉన్నాయి. ఇన్నాళ్లకు ఒక్క నిజం చెబితే అది అబద్ధం కింద జమ అయింది. కింద సంతకం పెట్టమన్నారు. గీత గీయలేదు, చుక్కలు పెట్టలేదు.

నాలుగు నెలలకు అభిలాష్ కేసు కొట్టేశారు. అండాలమ్మ మిఠాయి పంచింది, జానయ్యకు కూడా ఒకటి ఇచ్చింది, మాట మాత్రం కలపలేదు. ఆ పాటికి గోడ పక్కన దుకాణం లేదు. ట్రాఫిక్‌కు అడ్డమని ఒక పొద్దున లేపేశారు. సామాను దించడానికి దశరథే ఒక చెయ్యి వేశాడు, తల మాత్రం ఎత్తలేదు. అబద్ధపు సాక్ష్యం కేసు పెడతారేమోనని జానయ్య ఎదురుచూశాడు. పెడితే జంగయ్య మాట కూడా అందులో రాస్తారని ఆశ. ఎవరూ పెట్టలేదు. ఒకరోజు తనే కోర్టుకు వెళ్లి అడిగితే, పాత ఫైలు ముగిసిపోయింది, మనిషి పోయాడు, ఇంటికి వెళ్లవయ్యా అన్నారు. శిక్ష అడుక్కున్నా దొరకలేదు. ఇదివరకు రెండు గోడల మధ్య ఇరుక్కున్నాడు, ఇప్పుడు గోడలు లేవు, బయటికి దారీ లేదు.

అదే సందులో కోచింగ్ సెంటర్ మెట్ల కింద చిన్న జాగా కిరాయికి తీసుకుని మిషన్ పెట్టుకున్నాడు. పాత దుకాణం నుంచి వచ్చింది ఆ మిషనూ, ఒక చెక్కబల్లా. బల్ల మూల మీద సంతకాలు పెట్టీ పెట్టీ సిరా ఇంకిపోయిన మరక ఉంది. ముత్తమ్మ ఎంత తోమినా పోలేదు.

సాంబమూర్తి గారిని పిలిపించి, "సార్, మీ నడకల ఒక జాగ తక్కువైంది," అన్నాడు.

"ఏదండీ?"

"నా దుకాణం."

ఈ చోటు కలిపితే కోర్టులో తను కూచున్న కుర్చీ కూడా కలపాల్సి వస్తుందని సాంబమూర్తి గారికి తోచే ఉంటుంది. మొహమాటపడ్డారు, చూద్దామన్నారు, రెండు ఆదివారాలు తప్పించారు. మూడో ఆదివారం తీసుకొచ్చారు.

మెట్ల కింద అంతమంది పట్టలేదు. కొందరు రోడ్డు మీదే నిలబడ్డారు. ఎదురుగా కర్రీ పాయింట్ ముందు అండాలమ్మ గిన్నె తోముతూ ఇటే చూస్తోంది. జానయ్య మొత్తం చెప్పాడు. మిల్లు, గొడ్డలి, బండ, జైల్లో పోయిన మనిషి. ఏమీ దాచలేదు. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ గుంపులో సూర్యప్రభ గారు మళ్లీ వచ్చి ఉంది. "మరి బావి పూడ్చారని చెప్పారు కదండీ అప్పుడు," అంది మెల్లగా. "అసలు ఎక్కడుంది అది?"

జానయ్య బల్ల మూల మీది మరక పైన అరచెయ్యి పెట్టాడు.

"ఈడున్నది మేడం," అన్నాడు. "గీ బల్ల మీద తవ్విన. నా చేతులతోనే."